మంచం నుంచి పెరటి దాకా

తాడేపల్లిగూడెం,
12 జూన్ 2025

పెర్సిస్ వదినకి,

రూబీ వందనాలు. ఆదివారం మీ ఇంటి నుంచి వచ్చాను గానీ మనసు అక్కడే ఉంది. అమ్మ ఎడమ మోచేతి మీద ఆ నల్లటి మచ్చ మీరూ చూసే ఉంటారు. అడిగితే "గుమ్మం తగిలిందే" అంది. గుమ్మం కాదు వదినా. అమ్మ మంచం దగ్గర్నుంచి పెరట్లో స్నానాల గది దాకా నేను అడుగులు లెక్కపెట్టాను. ఇరవై రెండు. ఆ దారి పొడుగునా ఎడమ చేతి వైపు ట్రంకు పెట్టె, పాడైన కుట్టుమిషను, బియ్యం డ్రమ్ము, పొడుగు బల్ల, చుట్టి పెట్టిన వల. ఇవి కాక అన్నయ్య చేపల చెరువులకి తెచ్చే మేత బస్తాలు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, షుగరు మనిషి, రోజుకి పదిసార్లు ఆ దారిన నడుస్తుంది. ఒక్కసారి పడి తుంటి ఎముక విరిగితే మళ్ళీ లేవదు. మా స్కూల్లో హిందీ టీచరు గారి అత్తగారు అలాగే మంచాన పడి ఏడాది తిరక్కుండా పోయారు.

అందుకని ఇల్లు సర్దుదాం. వేరే కాగితం మీద కొలతలతో పటం గీశాను. తలుపుల వెనక కొక్కేలు. గుమ్మాల పైన గోడ వెడల్పున చెక్క బల్లలు. పాత బీరువా సొరుగులకి చక్రాలు వేయించి మంచాల కింద పెట్టడం. మీకు కుట్టుపని వచ్చు కాబట్టి పాత దుప్పట్లతో గోడకి తగిలించే జేబుల సంచులు. ఆరు నెలలుగా వాడని వస్తువు ఇంట్లో ఉండకూడదు, సూత్రం ఇదొక్కటే. మా రెండు గదుల ఫ్లాటు ఇలాగే దారికొచ్చింది.

ఫోనులోనే చెప్పేదాన్ని. కానీ మీరు పెరట్లో ఫోను ఎత్తితే అమ్మ వరండాలోంచి జవాబు చెబుతుంది, ఆ చెవులు అలాంటివి. మెసేజీ పెడదామంటే మీది బొత్తాల ఫోను, అన్నయ్యది చెరువు గట్టు మీద. కాబట్టి మనిద్దరికీ ఉత్తరాలే గతి. అమ్మకి ఇప్పుడే చెప్పకండి. అడిగితే ఏదీ తియ్యనివ్వదు.

ఉంటాను,
రూబీ


మండవల్లి,
21 జూన్ 2025

రూబీకి,

మీ వదిన రాసేది. నీ ఉత్తరమూ పటమూ అందాయి. ఆడపడుచంటే ఏడాదికోసారి వచ్చి వంకలు పెట్టి వెళ్ళే మనిషనుకున్నాను. కొలతలు కూడా తీసుకెళ్తుందని ఇప్పుడే తెలిసింది.

నువ్వు చెప్పినవన్నీ అయ్యాయి. వడ్రంగి రెండు రోజులు పనిచేశాడు. గుమ్మాల పైన బల్లలు కొట్టాడు, సొరుగులకి చక్రాలు బిగించాడు. పన్నెండు జేబులతో సంచి కుట్టాను. దువ్వెనలు, మందు బిళ్ళలు, కరెంటు బిల్లులు అన్నీ దాంట్లోకి వెళ్ళాయి. నిజం చెప్పాలంటే నాకు ప్రాణం లేచొచ్చింది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఈ ఇంటి నడవ నేల రంగు నేను మొదటిసారి చూశాను. మీ అన్నయ్య చూసి, "ఇక్కడ క్రికెట్ ఆడుకోవచ్చు" అన్నారు.

ట్రంకు పెట్టె, బల్ల, వల చెరువు దగ్గర షెడ్డులో పెట్టించాం. బస్తాలూ అక్కడికే. డ్రమ్ము, కుట్టుమిషను పాత సామాన్ల బండికి ఇచ్చేశాను.

అత్తయ్య ఏమీ అనలేదు. అదే నాకు నచ్చలేదు. బండివాడు మిషను ఎత్తబోతుంటే దాని అంచు మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు. "అమ్మగారూ, చెయ్యి తియ్యండి" అన్నాడు. తీశారు. "ఎప్పుడో పాడైపోయింది కదండీ అత్తయ్యా" అన్నాను. "కుట్టడానికి పాడైంది" అన్నారు. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా మంచం దిగలేదు. అన్నం అక్కడికే తెమ్మన్నారు. ఎప్పుడూ అలా అడిగే మనిషి కాదు.

పాత వస్తువు మీద మమకారం అనుకున్నాను. నీకేమైనా వేరే తోస్తే రాయి.

పెర్సిస్


తాడేపల్లిగూడెం,
2 జూలై 2025

వదినకి,

వేరే ఏముంటుందండీ, మమకారమే. నెల తిరిగేసరికి అలవాటు పడుతుంది. మా చిన్నది కూడా పాత బొమ్మలు తీసేస్తే రెండు రోజులు అన్నం మానేసింది.

ఇప్పుడు వంటిల్లు. అమ్మ అలమరలో పాత రేకు డబ్బాలు మీరే చూశారుగా, ఒకదానికి సొట్ట, ఇంకోదానికి మూత సరిపడదు, దేనికో రబ్బరు బ్యాండ్లు, దేనికో దారాలు. అవి తీసేయండి. ఏలూరు నుంచి ఒకే సైజు ప్లాస్టిక్ సీసాలు ఇరవై నాలుగు తెప్పించాను. మా ఆయన డ్యూటీ మీద కైకలూరు వస్తున్నారు, మీ ఇంట్లో ఇచ్చి వెళ్తారు. చీటీలు నేనే రాసి అంటించాను. అక్షరమాల వరసలో పెట్టండి, అల్లం పొడి, ఆవాలు, ఉప్పు, అలా. నా క్లాసు పిల్లలు కూడా వెతుక్కోగలరు. అమ్మ మిషన్ స్కూల్లో ఎనిమిది చదివింది, ఆవిడకేం కష్టం?

అన్నయ్య చెరువు మందుల పొట్లాలు పెరటి కిటికీలో చిరిగి కారిపోతున్నాయి. అవి కూడా రెండు సీసాల్లో పోసి కింది అరలో పెట్టండి. వాటి మీద ఎర్ర సిరాతో రాశాను.

మోచెయ్యి తగ్గిందా? దారి ఖాళీ అయింది కాబట్టి నాకిప్పుడు నిద్ర పడుతోంది.

మీ రూబీ


మండవల్లి,
19 జూలై 2025

రూబీకి,

నీ సీసాలు వచ్చాక ఏం జరిగిందో రాస్తున్నాను. నేనేమీ కలపడం లేదు, తీసేయడం లేదు.

ఎనిమిదో తేదీన టీలో ఉప్పు. పదో తేదీన పప్పులో పంచదార. చీటీలు చిన్నవేమోనని అట్ట ముక్కల మీద వేలెడంత అక్షరాలు రాసి అంటించాను. ఆ మర్నాడే చారులో పసుపు బదులు మెంతిపిండి. మా పక్కింటి వరమ్మ నవ్వుతూ, "ఏం పెర్సిస్, మీ అత్తగారికి కూడా చీటీ అంటించావా, ఎక్కడ పెట్టాలో తెలియడానికి?" అంది. అత్తయ్య వరండాలోనే ఉన్నారు. విన్నారు.

పదమూడున పెరటి గుమ్మానికి ఇవతల పడ్డారు. అడ్డం ఒక్క వస్తువు లేదు. నేల తడి లేదు. గోడకి ఎడంగా, సరిగ్గా నడవ మధ్యలో పడి ఉన్నారు. మోకాలు చీరుకుపోయింది. "కాలు జారిందే" అన్నారు. రూబీ, అన్ని సామాన్లున్నప్పుడు ఈ మనిషి ఒక్కసారి కూడా పడగా నేను చూడలేదు.

పదహారున చెగోడీలు చేస్తానని వంటింట్లోకి వెళ్ళారు. ఏదో ఘాటు వాసన వస్తే వెళ్ళి చూశాను. పళ్ళెంలో బియ్యప్పిండి కాదు, చెరువులో వేసే తెల్ల పొడి. నీళ్ళు పోసి కలుపుతున్నారు. చేతులు అప్పటికే ఎర్రబడ్డాయి. పళ్ళెం లాక్కుని గోతిలో పారబోశాను. "ఎర్రక్షరాలు కనపడలేదా అత్తయ్యా?" అని అరిచాను. తప్పే, అరిచాను. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "ఏదో ఆలోచనలో ఉన్నానమ్మా" అన్నారు.

నా అనుమానం రాసేస్తున్నాను, తిట్టుకోకు. కావాలనే చేస్తున్నారేమో. సాయంత్రం పూట బైబిలు ఒళ్ళో పెట్టుకుని గడగడా వాక్యం చదివే మనిషికి వేలెడంత అక్షరం కనపడదా? సామాను తీసేశామని కోపం. ఆ కోపం నా మీద తీరుస్తున్నారు.

పెర్సిస్


తాడేపల్లిగూడెం,
26 జూలై 2025

వదినకి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మా అమ్మ కావాలని అన్నయ్య తినే పిండిలో మందు కలుపుతుందా? ఆ మాట కాగితం మీద ఎలా పెట్టారండీ?

ముందు ఇది చెప్పండి. ఆ పొడి అమ్మ చేతికి అందేచోట ఎందుకుంది? అలాంటివి పై అరలో పెట్టాలని ఎవరికైనా తెలుస్తుంది. నేను సర్దమన్నాను గానీ చూసుకోవద్దనలేదు.

నేను ఆలోచించింది వేరు. ఇది మతిమరుపు. ఫోనులో చదివాను, పెద్దవాళ్ళకి ఇలాగే మొదలవుతుందట. ఏ వస్తువు ఏదో మర్చిపోవడం, తెలిసిన దారిలో తడబడడం, అడిగితే ఏదో ఒకటి చెప్పి కప్పిపుచ్చడం. అన్నీ సరిపోతున్నాయి. ఇలాంటివాళ్ళు గేటు తీసుకుని బయటికి వెళ్ళిపోతారట కూడా. మీ ఇంటికి మూడు వైపులా చెరువులు.

ఆగస్టు మూడు ఆదివారం ఆరాధన అవగానే బయల్దేరి వస్తాను. అమ్మని నాతో తీసుకొస్తాను. అన్నయ్యతో మాట్లాడేశాను, సరే అన్నాడు. బట్టలు నాలుగు జతలు సర్ది ఉంచండి చాలు. ఇక్కడ ఎక్కువ సామాను అక్కర్లేదు.

రూబీ


మండవల్లి,
8 ఆగస్టు 2025

రూబీకి,

నువ్వు అత్తయ్యని తీసుకెళ్ళి అయిదు రోజులైంది. ఆ రోజు నువ్వు నాతో సరిగా మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. అందుకని రాస్తున్నాను.

నీ జూలై రెండో తేదీ ఉత్తరం తీసి చూశాను. కింది అర అని రాసింది నువ్వే. కావాలంటే పంపుతాను.

మీ అమ్మగారు కారెక్కేముందు వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు ఉన్నారు. నేను పిలవడానికి వెళ్తే అలమర ముందు నిలబడి సీసాలు ఒక్కొక్కటే ఊపి చూస్తున్నారు. చెవి దగ్గర పెట్టుకుని ఊపుతున్నారు. నన్ను చూసి ఆపేశారు. నాకు భయమేసింది. నువ్వన్న మతిమరుపు నిజమేనేమో అనుకున్నాను.

మందులు వేళకి వెయ్యి. పొద్దున్న బిళ్ళ పరగడుపున.

పెర్సిస్


తాడేపల్లిగూడెం,
17 ఆగస్టు 2025

వదినకి,

మందులు వేళకే వేస్తున్నాను. కింది అర సంగతి మీరన్నదే నిజం. నేను రాసింది మర్చిపోయాను. మనసులో పెట్టుకోకండి.

అమ్మ బాగానే ఉంది. నెమ్మదైపోయింది. ఏ వస్తువూ కదపదు, వంటింటి వైపు రాదు. మంచం మీద, లేకపోతే మంచం పక్క కుర్చీలో కూర్చుంటుంది. తిండి తగ్గింది, నీళ్ళు కూడా తక్కువే తాగుతోంది. అడిగితే, "మాటిమాటికీ లేవాలి కదే" అంటుంది. బాత్రూమ్ తొమ్మిది అడుగులే. ఆ దారిలో చీపురుపుల్ల కూడా అడ్డం లేదు.

మతిమరుపు డాక్టరు ఏలూరులో ఉన్నారట. నెలాఖరుకి అపాయింట్‌మెంట్ దొరికింది. నేను ప్రశ్నలు వేసి చూశాను. తేదీ చెప్పింది, వారం చెప్పింది, మా ఆయన పుట్టినరోజు కూడా చెప్పింది. అయినా పొద్దున పక్కింటి ఆవిడ గుమ్మంలో నిలబడి నవ్వితే పలకరించనే లేదు. ఆవిడ మాట్లాడాకే, "రండమ్మా" అంది. మనుషుల్ని గుర్తుపట్టడం తగ్గుతోంది.

నేనూ చిన్నదీ ఎనిమిదింటికి వెళ్తే నాలుగున్నరకి వస్తాం. మా ఆయన వారంలో నాలుగు రోజులు క్యాంపు. మాది రెండో అంతస్తు, మెట్లకి పక్క కమ్మీ లేదు. అమ్మ బయటికి వెళ్ళిపోతుందేమోనని వెళ్ళేటప్పుడు బయట గడియ వేసి వెళ్తున్నాను. అన్నం, నీళ్ళు బల్ల మీద పెడతాను.

శుక్రవారం అమ్మ మంచం కిటికీ వైపుకి మారుస్తున్నాను. గాలి వస్తుంది, గది మధ్య కూడా విశాలంగా ఉంటుంది. కుర్చీ తీసేస్తే ఇంకా బాగుంటుంది.

రూబీ


మండవల్లి,
19 ఆగస్టు 2025

రూబీ,

ఇది అందగానే చదువు. నిన్న, మొన్న రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ నువ్వు స్పీకరు పెట్టి, "అమ్మా, వదిన" అని అత్తయ్య చేతికిచ్చావు. ఆవిడ వింటుండగా ఎలా చెప్పను? మీ అన్నయ్య చేసినా నువ్వు అలాగే ఇస్తావు.

అత్తయ్యకి కళ్ళు కనపడవు.

మొన్న శనివారం పాత రేకు డబ్బాల గోనె బండివాడికి ఇద్దామని బయటికి తీశాను. మూటలోంచి ఒక్కొక్కటీ తీసి కడిగాను. ఉప్పు డబ్బాకి ఒక రబ్బరు బ్యాండు, పంచదారకి రెండు, పసుపుకి దారం ఒక ముడి, కారానికి మూడు ముళ్ళు. బియ్యప్పిండి డబ్బా మూత అంచున మేకుతో కొట్టిన సొట్ట. ఒక్కటి కూడా ఊరికే పెట్టింది కాదు. మనం చెత్త అనుకున్నాం.

తర్వాత షెడ్డుకి వెళ్ళి ట్రంకు పెట్టె, బల్ల చూశాను. రెండింటికీ దారి వైపున్న అంచు మీదే రంగు పోయింది, అరచెయ్యి వెడల్పున. మిగతా చోట్ల రంగు అలాగే ఉంది. ఇంటికొచ్చి నడవ గోడ చూశాను. సామాన్లు ఉండే చోట గోడ శుభ్రంగా ఉంది. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఖాళీల్లో నడుమెత్తున నల్లటి జిడ్డు గీత ఉంది. అది చెయ్యి రాసుకుని పడిన గీత. మంచం నుంచి పెరటి దాకా ఆవిడ పట్టుకుని నడిచే కమ్మీని మనిద్దరం ఎత్తి అవతల పెట్టాం.

మీ అన్నయ్యని అడిగాను. జూన్ మొదటి వారంలో బస్తాలు కుడివైపుకి జరిపారట. తిరిగొచ్చేటప్పుడు అవి ఆవిడ ఎడమ చేతికే తగులుతాయి. మోచేతికి దెబ్బ తగిలింది ఆ వారమే.

చదివే వాక్యం సంగతి కూడా అర్థమైంది. ఎప్పుడూ అవే నాలుగు అధ్యాయాలు. కంఠతా వచ్చినవి.

ఎందుకు దాచారో వరమ్మ చెప్పింది. మీ నాయనమ్మకి కళ్ళు పోయినప్పుడు వంటింట్లోకి రానివ్వకుండా వరండాలో మంచం వేసి, ఒక కంచం, ఒక గ్లాసు పెట్టి కూర్చోబెట్టారట. పోయేదాకా ఏడేళ్ళు. అలా కూర్చోబెట్టింది అత్తయ్యే. అప్పుడు నువ్వు పుట్టలేదు.

ట్రంకు, బల్ల, వల వాటి వాటి చోట్ల పెట్టించాను. డబ్బాలు అలమరలో పెట్టాను, ఏ వరసలో ఉండేవో నాకు గుర్తున్నంత వరకు. డ్రమ్ము బదులు ఇంకోటి తెచ్చాం. కుట్టుమిషను ఆచూకీ లేదు. బండివాడు భీమవరంలో ఇచ్చేశానన్నాడు. ఆ చోట ఏం పెట్టినా ఎత్తు సరిపోవడం లేదు.

చెరువులో చేపల పట్టుబడి జరుగుతోంది, మీ అన్నయ్య శనివారం దాకా కదల్లేరు. ఆదివారం కారు తీసుకుని వస్తారు. ఈలోగా ఆవిడ గదిలో ఏ వస్తువూ కదపకు. నీళ్ళ గ్లాసు కూడా రోజూ పెట్టేచోటే పెట్టు. నువ్వు బడికి వెళ్ళినప్పుడు ఎవరో ఒకరు ఆవిడ దగ్గర ఉంటారనే అనుకుంటున్నాను. మనకి తెలిసిపోయిందని మాత్రం ఆవిడతో అనకు. ఇంటికొచ్చాక నేను మెల్లగా చెబుతాను.

పెర్సిస్


తాడేపల్లిగూడెం,
23 ఆగస్టు 2025

వదినా,

మీ ఉత్తరం గురువారం సాయంత్రమే వచ్చింది. ఇంటికి వచ్చే కాగితాలన్నీ ట్రేలో వేసి ఆదివారం ఒకేసారి చూడటం నా పద్ధతి. ట్రేలో వేశాను. నిన్న రాత్రి చదివాను.

నిన్న పొద్దున ఏడున్నరకి అమ్మని లేపి నిలబెట్టి మంచం కిటికీ వైపుకి జరిపాను. కుర్చీ బాల్కనీలో పెట్టేశాను. చిన్నదాని బస్సు హారన్ కొట్టింది. "అమ్మా, మంచం అక్కడుంది, పడుకో" అని చేత్తో చూపించాను. చేత్తో చూపించాను వదినా. "సరే, వెళ్ళిరా" అంది. తలుపు దగ్గరికి లాగి బయట గడియ పెట్టాను.

నాలుగూ ముప్పై అయిదుకి తలుపు తీశాను. అమ్మ గది మధ్యలో నిలబడి ఉంది. పొద్దున ఎక్కడ నిలబెట్టానో అక్కడే. చీర తడిసి, కాళ్ళ కింద నేల మీద మడుగు ఆరిపోయి ఉంది. బల్ల మీద అన్నం అలాగే ఉంది. రెండు పాదాలూ చీలమండల దాకా వాచి నున్నగా మెరుస్తున్నాయి. నా వైపు కాకుండా తలుపు చప్పుడు వచ్చిన వైపు తిరిగి, "రూబీయేనా?" అంది.

"ఎప్పట్నించి నిలబడ్డావమ్మా?"

"నువ్వెళ్ళిన దగ్గర్నుంచి."

"అక్కడే కింద కూర్చోవచ్చు కదా?"

"కూర్చుంటే పట్టుకు లేవడానికి ఏముందే? ఎటు అడుగేసినా ఏదో తగిలి పడుతుంది. సర్దుకున్న ఇల్లు, పాడవుతుందని."

పట్టుకుని మంచం దాకా నడిపించాను. అయిదు అడుగులు. అరికాళ్ళ చర్మం రెండు చోట్ల పగిలింది. ఈ పొద్దున హాస్పిటల్‌కి తీసుకెళ్ళాను. కుడి కంటికి వెలుతురు మాత్రం తెలుస్తుందట, ఎడమది మూడేళ్ళ కిందటే పోయి ఉంటుందన్నారు. కళ్ళ సంగతి తర్వాత, ముందు కాళ్ళు చూడాలన్నారు. షుగరు నాలుగు వందలు దాటింది. కుడి పాదం రంగు వాళ్ళకి నచ్చలేదు. రేపు ఏలూరు తీసుకెళ్ళమన్నారు. అన్నయ్యని ఇక్కడికి కాకుండా అటే రమ్మన్నాను.

మీరు అనొద్దన్నారు, అయినా డాక్టరు అమ్మ ఎదురుగానే చెప్పేశాడు. ఆటోలో వస్తుంటే అమ్మ నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. చెవిలో చెప్పింది.

"పెర్సిస్‌కి తెలియనివ్వకే. ఇంక పొయ్యి దగ్గరికి రానివ్వదు."

రూబీ